జనం తీర్పు చెప్పాక పార్లమెంటు ఆమోదం ఎందుకు?

ప్రశ్న: ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని 2016లో బ్రిటన్ ప్రజలు ఓటేశారు కదా. మళ్లీ పార్లమెంటు అనుమతి ఎందుకు కావలసి వచ్చింది?

జవాబు: రిఫరెండం జరిపించిన 2015 చట్టంలో, ఫలితాన్ని ఎలా అమలు చేయాలో ఒక్క ముక్క లేదు. చిక్కంతా అక్కడే. ఓటింగ్ పద్ధతిపై 2011లో జరిగిన రిఫరెండానికైతే, ‘అవును’ గెలిస్తే మంత్రి ఏం చేయాలో చట్టంలో ముందే రాసిపెట్టారు. ఆ జాగ్రత్త ఇక్కడా తీసుకోవలసింది.

విదేశీ ఒప్పందాల నుంచి తప్పుకోవడం మామూలుగా ప్రభుత్వం చేతిలో పనే. కానీ సమాఖ్య నుంచి తప్పుకుంటే, ఐరోపా చట్టాలను బ్రిటన్‌లో అమల్లోకి తెచ్చిన 1972 చట్టం ద్వారా ప్రజలకు దక్కిన హక్కులు పోతాయి. పార్లమెంటు ఇచ్చినదాన్ని మంత్రులు తమంతట తాము తీసేయలేరు. 2017 జనవరి 24న సుప్రీంకోర్టు 8-3 మెజారిటీతో తేల్చింది ఇదే. ఆ తర్వాత, వైదొలగుతున్నట్టు నోటీసు ఇవ్వడానికి అనుమతిస్తూ పార్లమెంటు రెండే సెక్షన్లున్న చిన్న చట్టం చేసింది. మార్చి 16న రాణి ఆమోదం లభించింది, 29న సమాఖ్య ఒప్పందంలో వైదొలగే పద్ధతిని చెప్పే ఆర్టికల్ 50 కింద నోటీసు వెళ్లింది.