మోకాళ్ల నొప్పులతో అంటార్కిటికా వెళ్లగలమా?

రాజమండ్రిలో ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూలు పిల్లలకు భూగోళం చెప్పాను. రిటైరయ్యాక, గత జనవరిలో, మా అమ్మాయితో కలిసి 120 మంది ప్రయాణికులు పట్టే చిన్న ఓడలో అంటార్కిటికా వెళ్లి వచ్చాను. ఆ సంగతి ఈ పేజీలో చెప్పినప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నాకు 62, మావారికి 66. అమెరికాలో ఉన్న మా అబ్బాయి వచ్చే డిసెంబరులో మమ్మల్ని అంటార్కిటికా తీసుకెళ్తానంటున్నాడు. నాకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరం శాకాహారులం. గోదావరి మీద పంటు తప్ప ఏ ఓడా ఎక్కలేదు. సముద్రం మీద వాంతులవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వెళ్లండి. అయితే మోకాళ్ల కంటే ముందు వాంతుల సంగతి చూసుకోవాలి. అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషువాయాలో సాయంత్రం పూట ఓడ ఎక్కుతారు. ముందుగా అందరి చేతా లైఫ్ జాకెట్ తొడిగించి, ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో డ్రిల్లు చేయిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అన్నీ వదిలి అక్కడికి వెళ్లాలి. ఎంత పెద్దవాళ్లకైనా దీన్నుంచి మినహాయింపు లేదు. ఆ రాత్రి బీగిల్ ఛానల్‌లో నీళ్లు మన గోదావరిలాగే నిదానంగా ఉంటాయి. ఇంతేనా అనుకుని పడుకున్నాం. తెల్లవారేసరికి డ్రేక్ పాసేజ్‌లో ఉన్నాం.

దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్య ఉన్న ఆ సముద్రం దాదాపు 800 కిలోమీటర్ల వెడల్పు. ఆ అక్షాంశాల్లో భూగోళం చుట్టూ తిరిగి వచ్చినా గాలికి అడ్డుపడే నేల లేదు. పడమటి గాలులు, వాటి వెంట నీళ్లు ఆగకుండా తిరిగి తిరిగి ఈ సందులోంచే పోవాలి. గ్లోబు తిప్పుతూ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! మంచం మీద ఒళ్లు తలవైపుకీ కాళ్లవైపుకీ జారుతుంటే ఆ పాఠం నాకు కొత్తగా అర్థమైంది. దాటడానికి దాదాపు రెండు రోజులు, తిరుగు ప్రయాణంలో మళ్లీ రెండు రోజులు. అదృష్టం బాగుంటే చెరువులా కూడా ఉంటుంది. మాకు వెళ్లేటప్పుడు అలలు, వచ్చేటప్పుడు ప్రశాంతం.

వాంతుల మాత్రను కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. ఓడ కదలక ముందే వేసుకోవాలి. మన దగ్గర బస్సు ప్రయాణాలకు వాడే అవోమిన్ లాంటివి మగత తెప్పిస్తాయి. మీ వయసులో బీపీ, షుగరు మందులు వాడుతుంటే మీ డాక్టరుని అడిగే తీసుకెళ్లండి. క్యాబిన్ కింది అంతస్తులో, ఓడ మధ్య భాగంలో తీసుకోమని మీ అబ్బాయికి చెప్పండి. పై అంతస్తులో బాల్కనీ ఉన్న గది ఖరీదు ఎక్కువ, ఊపూ ఎక్కువే. నడవాల్లో రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలుంటాయి, వాటికి వాంతుల సంచులు తగిలించి ఉంటాయి. ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉండాలి. తలుపు అంచు మీద మాత్రం వేళ్లు పెట్టకండి. ఓడ ఒరిగినప్పుడు తలుపు విసురుగా పడి వేళ్లు నలుగుతాయి. మా ఓడలో ఒకావిడకు అలాగే జరిగి, మిగతా రోజులన్నీ కట్టుతోనే గడిపింది.

ఇక మోకాళ్లు. అక్కడ రేవులు ఉండవు. ఓడ దూరంగా ఆగుతుంది. అక్కడి నుంచి పదిమంది పట్టే రబ్బరు పడవలో, దాన్ని జోడియాక్ అంటారు, ఒడ్డుకు తీసుకెళ్తారు. ఓడ పక్కన వేలాడదీసిన మెట్లు దిగి, ఊగుతున్న పడవలోకి అడుగు వేయాలి. అక్కడున్న మనిషి అరచెయ్యి పట్టుకోడు, మీరు అతని ముంజేతిని, అతను మీ ముంజేతిని పట్టుకోవాలి. అలా పట్టుకుంటే తడి చేతులైనా జారవు. పడవలో సీట్లు లేవు, గాలి నింపిన అంచు మీదే కూర్చుని పక్కకు జరుగుతూ పోవాలి. ఒడ్డున కాళ్లు బయటికి తిప్పి, చిన్న అల వచ్చినా సరే మోకాలి లోతు నీళ్లలోకి దిగాలి. ఇద్దరు పట్టుకుంటారు. తరవాత రాళ్లు, మంచు. మోకాళ్లకు అసలు పని అక్కడే.

నేను ఆరు నెలల ముందు నుంచి రోజూ మేడ మెట్లు ఎక్కి దిగాను, ముక్కాలి పీట మీద నుంచి చేతులు ఆనించకుండా లేవడం సాధన చేశాను. మీరూ ఇప్పుడే మొదలుపెట్టండి. పీట మీద నుంచి లేవలేకపోతే ఒడ్డుకు దిగకుండా పడవలోనే మంచుకొండల మధ్య తిప్పుకొచ్చే షికార్లు ఉంటాయి, వాటిని ఎంచుకోండి. పారడైజ్ హార్బర్‌లో మేము దిగకుండా పడవలోనే ఉన్న గంటన్నర నాకు అన్నిటికంటే ఇష్టం. ఇంజన్ ఆపేశారు. మంచుముక్కల్లో పాతకాలపు గాలి బుడగలు చిటచిటా పగులుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

భోజనానికి దిగులు వద్దు. బుక్ చేసేటప్పుడే శాకాహారులమని రాయిస్తే రోజూ విడిగా చేస్తారు. సూపులో చేపల నీళ్లు కలపలేదు కదా అని మాత్రం మొదటి రోజే వంటాయనతో మాట్లాడుకోండి. నేను సీలు తీయని కందిపొడి ప్యాకెట్లు తీసుకెళ్లాను, రోజూ అన్నంలోకి అదే. ఒడ్డుకు మాత్రం తినేది ఏదీ తీసుకెళ్లనివ్వరు, మంచినీళ్లు తప్ప. అక్కడ బాత్రూములూ ఉండవు. పడవ ఎక్కే ముందే వెళ్లి రావాలి, ఎంత అవసరమైనా ఒడ్డున కుదరదు. మరీ తప్పనిసరైతే పడవలో వెనక్కి తీసుకొస్తారు, అడగడానికి మొహమాటపడకండి.

మోకాళ్ల సంగతి బుకింగ్ ఫారంలో దాచకండి. ఓడలో డాక్టరు ఉంటారు, ఆసుపత్రి ఉండదు. పెద్ద కష్టం వస్తే వెనక్కి తరలించడానికి రోజులు పట్టవచ్చు. ఆ ఖర్చును భరించే ఇన్సూరెన్స్ లేకుండా అసలు బయలుదేరకండి.

ప్రశ్న: పెద్ద క్రూజ్ ఓడలో సగం డబ్బుకే అంటార్కిటికా చూపిస్తామంటున్నారు. చిన్న ఓడకు అంత ఎందుకు పెట్టాలి?
– ఒక ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఒక్క ప్రశ్న అడగండి: ఓడలో మొత్తం ఎంతమంది ప్రయాణికులు? మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. 1991లో ఏర్పడిన అంటార్కిటికా టూర్ ఆపరేటర్ల అంతర్జాతీయ సంఘం నియమం ప్రకారం, ఒక చోట ఒకసారి వందమందికి మించి ఒడ్డు మీద ఉండకూడదు. 500 మందికి మించిన ఓడ ఎవరినీ దింపకూడదు, డెక్ మీద నుంచి చూసి వెనక్కి రావడమే. 400 మంది ఉన్న ఓడలో వంతులు వేస్తారు, మీరు నేల మీద ఉండే సమయం అంత తగ్గుతుంది. మా ఓడలో దాదాపు అందరం ఒకేసారి దిగేవాళ్లం. కయాకింగ్‌కు వెళ్లే ఇరవై మంది విడిగా ఉండేవాళ్లు.

డబ్బు పెట్టాం కాబట్టి కాగితం మీద రాసిన చోటల్లా చూపిస్తారని మాత్రం చిన్న ఓడలోనూ అనుకోకండి. ఏ రోజు ఎక్కడ దింపాలన్నది ముందు రోజు రాత్రి గాలిని, మంచును చూసి నిర్ణయిస్తారు, పొద్దున్నే మళ్లీ మారుస్తారు. పోర్ట్ లాక్‌రాయ్‌లో బ్రిటిష్ వాళ్ల చిన్న పోస్టాఫీసు ఉంది. నా పాత విద్యార్థులు పన్నెండు మందికి అక్కడి నుంచి పోస్టుకార్డులు వేద్దామని ఇంట్లోనే అడ్రసులు రాసి పెట్టుకున్నాను. ఆ పొద్దున గాలి ఎక్కువై పడవలు దించలేదు. కిటికీలోంచి ఆ ఎర్ర కిటికీల నల్ల ఇల్లు చూసి ముందుకెళ్లిపోయాం. బాధ వేసింది. అయితే అదే మధ్యాహ్నం 11 కిలోమీటర్ల లెమేర్ ఛానల్‌లో, రెండు పక్కలా నల్లటి కొండలు నిలువుగా లేచి ఉంటే, ఓడ నడిపే గదిలో, దాన్ని బ్రిడ్జి అంటారు, కెప్టెన్ పక్కనే నిలబడి చూశాను. చిన్న ఓడల్లో చాలావాటిలో బ్రిడ్జిలోకి రానిస్తారు. పోస్టుకార్డులు ఇంటికొచ్చాక చేతికే ఇచ్చాను.

ప్రశ్న: అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన స్థావరాలు మైత్రి, భారతి కూడా చూపిస్తారా?
– పదో తరగతి విద్యార్థి, గుంటూరు

జవాబు: చూపించరు నాన్నా. అట్లాసు తెరిచి చూడు. టూరిస్టు ఓడలు ఎక్కువగా వెళ్లేది దక్షిణ అమెరికా వైపు తోకలా సాగిన అంటార్కిటిక్ ద్వీపకల్పానికి. మైత్రి షిర్మాకర్ ఒయాసిస్‌లో, భారతి ఇంకా తూర్పున లార్స్‌మన్ హిల్స్‌లో ఉన్నాయి. అవి వేల కిలోమీటర్ల దూరం. సముద్ర శాస్త్రవేత్త డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో 1981లో బయలుదేరిన మన తొలి బృందం 1982 జనవరిలో అంటార్కిటికాలో అడుగుపెట్టింది. శాస్త్రవేత్తవై ఆ బృందాలతో వెళ్లడమే మైత్రి చూడటానికి దారి. నువ్వు వెళ్తే నాకు ఉత్తరం రాయి.

ప్రశ్న: బట్టలు, టీకాలు ఏం కావాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వేసవిలో ద్వీపకల్పం దగ్గర సున్నాకు రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ. మనం భయపడేంత చలి కాదు, గాలే కోస్తుంది. పైన వేసుకునే పెద్ద కోటు, బూట్లు చాలా ఓడల్లో వాళ్లే ఇస్తారు. నీళ్లు లోపలికి దిగని ప్యాంటు, ఉన్ని లోబట్టలు, రెండు జతల చేతితొడుగులు మనవి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు.

టీకా ముఖ్యం. మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో అర్జెంటీనా ఉంది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు లేకుండా తిరిగి వస్తే విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్లకు ఈ టీకాతో ప్రమాదం కాస్త ఎక్కువ. కాకినాడ పాఠకురాలు, వాళ్లాయన కూడా ముందు డాక్టరుతో మాట్లాడాలి.

ప్రశ్న: మనందరం వెళ్లి తొక్కితే ఆ చోటు పాడైపోదా? వెళ్లకుండా ఉండటమే మంచిది కదా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఈ ప్రశ్న నన్ను టికెట్ కొన్న రోజు నుంచీ వెంటాడింది. నష్టం లేదని నేను చెప్పను. ఇటీవలి సీజన్లలో వెళ్లినవాళ్లు లక్ష దాటారు. చిక్కటి నల్లనూనె ఇంధనాన్ని 2011లో అక్కడ నిషేధించారు గానీ ఓడలూ, మనం ఎక్కే విమానాలూ పొగ వదులుతూనే ఉన్నాయి.

ఒడ్డు మీద మాత్రం నేను ఊహించిన దానికంటే కట్టుదిట్టంగా ఉంది. దిగే ముందు అందరి సంచుల మూలలు, జేబులు, వెల్‌క్రో పట్టీలు వ్యాక్యూమ్‌తో పీల్చి, సూదులతో గీకారు. మా అమ్మాయి సంచి జిప్పులో ఒక గడ్డి గింజ దొరికింది, మా పెరట్లోదే. దాన్ని కవరులో వేసి తీసుకెళ్లారు. దిగిన ప్రతిసారీ, ఎక్కిన ప్రతిసారీ బూట్లు మందునీళ్లలో ముంచి బ్రష్‌తో రుద్దాలి. బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి నేల మీద కూర్చోవడం, మోకరిల్లడం, సంచి పెట్టడం కూడా నిషేధమే. పెంగ్విన్లకు ఐదు మీటర్ల దూరం పాటించాలి.

నెకో హార్బర్‌లో జెంటూ పెంగ్విన్లు కొండ పైనున్న గూళ్ల నుంచి నీళ్లలోకి నడిచి నడిచి మంచులో కాలవలాంటి దారులు చేసుకున్నాయి. వాటి పిల్లలు అప్పటికి మూడు వారాలవి కాబోలు, బూడిదరంగు నూగుతో ఉన్నాయి. కాకినాడ రేవులో ఎండుచేపలు ఆరబెట్టినట్టు వాసన. మేం దాటాల్సిన చోటికి ఒక పెంగ్విన్ వచ్చి నిలబడింది. దారి దానిది. గైడు చెయ్యి ఎత్తింది, పద్దెనిమిది మందిమి ఆగాం. అది కాసేపు ఈకలు సవరించుకుంది, కాసేపు మంచు తింది. ఎవరూ మాట్లాడలేదు. పావుగంట తర్వాత అది నీళ్ల వైపు నడిచి వెళ్లింది, అప్పుడు మేం దాటాం.