మిద్దెమీద సోలార్: డబ్బు లెక్క చూసుకుని దిగమ్మా

అమ్మీ,

మొన్న ఫోన్లో రెండు సంగతులు అడిగావు. మిద్దెమీద సోలార్ పెట్టిద్దామా, గీజరు తీసేసి హీట్ పంపు కొందామా, రెండింటికీ సబ్సిడీ, లోను దొరుకుతాయా అని. అంకెలతో పనున్న మాటలు ఫోన్లో నిలవవు, అందుకే కూర్చుని రాస్తున్నాను. రిటైరయ్యేదాకా బ్యాంకులో లోన్ల సీటులోనే ఉన్నాను కాబట్టి ఎవరి కాగితం ఎక్కడ ఆగిపోతుందో నాకు బాగా తెలుసు.

ముందు హీట్ పంపు సంగతి తేల్చేస్తాను. వస్తువు మంచిదే. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఎక్కిస్తుంది, ఏసీ పనిని తిరగేసినట్టు. చిత్తూరు, తిరుపతి ఎండలకు బాగా సరిపోతుంది. 100 లీటర్లు కాగడానికి గీజరు సుమారు 3 యూనిట్లు తింటే, ఇది ఒక్క యూనిట్‌తో సరిపెడుతుంది. కానీ సోలార్‌కు ఉన్నట్టు దీనికి కేంద్రం సబ్సిడీ లేదు. షాపువాళ్లు 'నో కాస్ట్ ఈఎంఐ' అంటారు. రొక్కమిస్తే ఎంతకిస్తారని ముందు అడుగు. వడ్డీ ఆ తేడాలోనే ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఇప్పటికి దాన్ని పక్కన పెట్టు. ఎందుకో కింద లెక్క చూస్తే నీకే తెలుస్తుంది.

సోలార్‌కు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం ఉంది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున 60 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు ఇస్తారు. ఆపైన ఎంత పెద్దది పెట్టినా 78 వేలే. ఈ 78 వేల అంకె చూపించే అందరిచేతా 3 కిలోవాట్లు పెట్టిస్తున్నారు. నీకు అంత కావాలా అన్నది మీ కరెంటు బిల్లు చెప్పాలి గానీ సోలార్ కంపెనీవాళ్లు కాదు.

మీ ఇంట్లో నెలకు 350 యూనిట్ల దాకా కాలుతోందన్నావు. మనకు యూనిట్ రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, అది దాటితే 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఈ లెక్కన 350 యూనిట్లకు 2,110 రూపాయలు అవుతుంది, మిగతా చార్జీలు వేరే. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే 2 కిలోవాట్లు నెలకు 240. ఈ 240 కోత పడేది పై మెట్లలోనే, ఖరీదైన యూనిట్లలోనే. మిగిలే 110 యూనిట్లకు బిల్లు 350 రూపాయలు. నెలకు 1,760 మిగిలింది. మూడో కిలోవాట్ కూడా పెడితే ఆ 350 కూడా పోతుంది, అంతే. 2 కిలోవాట్ల ప్లాంటు 1 లక్షా 40 వేలు, 3 కిలోవాట్లది 2 లక్షలు అని కొటేషన్ వచ్చిందనుకో. సబ్సిడీ పోను మొదటిదానికి నీ చేతి నుంచి పడేది 80 వేలు, నాలుగేళ్లలోపే తిరిగొస్తుంది. మూడో కిలోవాట్‌కు అదనంగా పడేది 42 వేలు. అది నెలకు 350 చొప్పున రాబట్టుకోవాలంటే పదేళ్లు కావాలి. కొత్తగా ఏసీ పెట్టే ఆలోచన ఉంటే సరే, లేకుంటే 2 చాలు. హీట్ పంపు ఆగమన్నదీ ఇందుకే. సోలార్ వచ్చాక అది మిగిల్చే యూనిట్లు మూడు, నాలుగున్నర రూపాయలవే. గీజరు పాడైన రోజున కొనుక్కో.

ఇక అసలు సంగతి. సబ్సిడీ ముందుగా రాదు. ప్లాంటు పెట్టి, నెట్ మీటరు (మనం వాడిన కరెంటును, మనం లైనుకు ఇచ్చినదాన్ని రెండింటినీ లెక్కించేది) బిగించి, పరిశీలన అయి, ప్లాంటు పని మొదలుపెట్టిందని చెప్పే కమిషనింగ్ రిపోర్టు ఆ పథకం పోర్టల్లో ఎక్కాక, నీ బ్యాంకు వివరాలిస్తే అప్పుడు నీ ఖాతాలో పడుతుంది. కాబట్టి డబ్బు మొత్తానికీ ముందే దారి చూసుకోవాలి. 'సబ్సిడీ మేం చూసుకుంటాం, మీరు మిగతాది కట్టండి' అని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాయించుకో. పోర్టల్లో నీ సొంత ఫోన్ నంబరే ఇవ్వు, ఓటీపీ ఎవరికీ చెప్పకు.

లోను కోసం ఫైనాన్స్ కంపెనీల జోలికి పోవద్దు. 3 కిలోవాట్ల లోపు ప్లాంటుకు ప్రభుత్వ బ్యాంకుల్లో పూచీ లేకుండా 2 లక్షల దాకా ఇస్తారు. వడ్డీ రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) మీద అర శాతమే ఎక్కువ, పదేళ్ల దాకా గడువు. పది శాతం మాత్రం నువ్వు పెట్టుకోవాలి. 1 లక్షా 40 వేలలో 14 వేలు నీవి, 1 లక్షా 26 వేలు లోను అనుకుందాం. 6 శాతం వడ్డీకి పదేళ్లయితే వాయిదా 1,400. బిల్లులో మిగిలే 1,760 కంటే తక్కువే చూడు. సబ్సిడీ 60 వేలు రాగానే అసలుకు జమ చేయించు, వాయిదా మాత్రం తగ్గించమని అడగొద్దు. అదే 1,400 కట్టుకుంటూ పోతే నాలుగున్నరేళ్లకు లోను తీరిపోతుంది. మారే వడ్డీ లోను కాబట్టి ముందు కట్టేసినా జరిమానా ఉండదు. ఆ 60 వేలతో గాజులో, మరొకటో అనుకున్నావంటే పదేళ్లూ వడ్డీ కట్టాల్సిందే.

ఇంకో అడ్డం ఉంది, నాకు దానిమీదే బెంగ. మీ కరెంటు సర్వీసు ఇంకా పోయిన మీ మామగారి పేరు మీదే ఉందని మీ అమ్మ చెప్పింది. బిల్లు ఆయన పేరున, ఆధార్, పాస్‌బుక్ మా అల్లుడి, అంటే మీ ఆయన పేరున ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇంటి పత్రాలు, వారసుల కాగితాలు పట్టుకుని మన కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ ఆఫీసులో పేరు మార్పు ముందు చేయించండి. ఇంటిపేరు అక్షరాలు మూడు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూడు. బ్యాంకులో ఒక్క అక్షరం తేడాతో వెనక్కి పోయిన కాగితాలు ఎన్నో చూశాను.

కొటేషన్లు రెండు మూడు తెప్పించు. ప్యానెళ్లు 'డీసీఆర్' అని, అంటే సెల్‌తో సహా మన దేశంలో తయారైనవని స్పష్టంగా ఉండాలి. అవి కాకపోతే సబ్సిడీ లేదు. ధరలో జీఎస్టీ కలిసిందా అడుగు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాన్ల మీద అది 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత రేటు వేసిన కొటేషన్ తీసుకోవద్దు. ఐదేళ్లు మరమ్మతులు చూసే బాధ్యత వాళ్లదేనన్న మాట ఒప్పందంలో రాసి ఉండాలి. బిగించేటప్పుడు ప్రతి ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఫోటో తీసి పెట్టుకో.

కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. సాయంత్రం నాలుగింటికి మిద్దెక్కి పక్కింటి కొబ్బరిచెట్టు నీడ, మన వాటర్ ట్యాంకు నీడ ఎక్కడ పడుతున్నాయో సుద్దముక్కతో గీసి చూడు. ఒక ప్యానెల్ అంచున పడ్డ నీడ కూడా కరెంటును బాగా తగ్గిస్తుంది. కడగడానికి బోరు నీళ్లు వాడొద్దు, ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. తెల్లవారుజామున మంచినీళ్లతో తుడిస్తే చాలు, ఎండలో కాలిన అద్దం మీద చల్లనీళ్లు పోయకండి. కరెంటు పోయినప్పుడు ఇది కూడా ఆగిపోతుంది. తీగల మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా పెట్టారు. కాబట్టి ఇంట్లో ఉన్న ఇన్వర్టర్, బ్యాటరీ అమ్మేయకండి.

కొటేషన్లు రాగానే వాట్సాప్‌లో నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దని అల్లుడికి నా మాటగా చెప్పు. బ్యాంకుకు వెళ్లే రోజు ముందుగా చెబితే తిరుపతి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను.

మీ పెద్దమామ