సైటు మీద డ్రాయింగులు చూడ్డానికి లక్షా డెబ్బై అయిదు వేల ఫోనా?

ఈ వారం ప్రశ్న విజయవాడ నుంచి. ఆయన చిన్న చిన్న ఇళ్ళ కాంట్రాక్టులు చేస్తారు, నెలకి సగటున 75 వేలు మిగులుతుంది, వానాకాలంలో పని పల్చబడుతుంది. ఇంటి ఖర్చు 40 వేలు, చీటీ 10 వేలు, బ్యాంకులో 90 వేలు ఉన్నాయి, వాళ్ళావిడ నగల మీద 1,20,000 గోల్డ్ లోన్ ఉంది, 11 శాతం వడ్డీ, ఇప్పటికి వడ్డీ మాత్రమే కడుతున్నారు. "సైటులో డ్రాయింగులు చిన్న ఫోన్‌లో కనపడట్లేదు, శాంసంగ్ వాళ్ళ మడత ఫోన్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్7 తీసుకుందామనుకుంటున్నా, 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకి 7,292 అంతే కదా, పైగా బిజినెస్ ఖర్చు కింద చూపించుకోవచ్చని ఫ్రెండ్ అన్నాడు, తీసుకోమంటారా?" అని అడిగారు.

ముందు ఒక మాట, మీ కోరిక పిచ్చిదేం కాదండి. 2019 లో మొదటి గెలాక్సీ ఫోల్డ్ మన దగ్గర 1,64,999 కి వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే నవ్వేసి వద్దనేవాణ్ణి, రివ్యూ కోసం ఇచ్చిన ఫోన్లే రోజుల్లో పాడైపోయి కంపెనీ రిలీజే వాయిదా వేసుకుంది, కొంతమంది స్క్రీన్ మీద పొరని మామూలు స్క్రీన్ గార్డ్ అనుకుని పీకేశారు కూడా. ఇప్పటి ఫోల్డ్7 అలాంటిది కాదు, 215 గ్రాములు, మడిస్తే 8.9 మిల్లీమీటర్లు, లోపలి స్క్రీన్ అయిదు లక్షల మడతలు తట్టుకుంటుందని చెప్తున్నారు, రోజుకి రెండొందల సార్లు తెరిచినా ఆరేళ్ళు దాటిపోతుంది. ఆఫీసులో కూర్చుని మెయిల్సూ ఎక్సెల్ చూసుకునేవాళ్ళకి నిజంగా బాగుంటుంది.

కానీ ఆ మడతలన్నీ ల్యాబులో పెట్టినవి, అక్కడ ఇసక ఉండదు కదా. ఈ ఫోన్ కి ఇచ్చిన రేటింగ్ ఐపీ48. అందులో 8 నీళ్ళకి, 4 ఏమో దుమ్ముకి, 4 అంటే ఒక మిల్లీమీటర్ కన్నా పెద్దవి లోపలికి పోకుండా ఆపుతుందని అర్థం. సిమెంటు పొడి మిల్లీమీటర్ లో ఎన్నో వంతు ఉంటుందో మీకు నేను చెప్పాలా. మడిచే కీలు (హింజ్) లోకి పొడి పోయి, అది స్క్రీన్ కిందకి చేరితే మడిచినప్పుడల్లా లోపల్నుంచి గుచ్చుకుంటుంది. పై నుంచి కూడా లోపలి స్క్రీన్ మెత్తనే, అద్దం వెంట్రుక మందం ఉంటుంది, దాని మీద ప్లాస్టిక్ పొర, గోరు గట్టిగా నొక్కినా గీత పడొచ్చు. మా బావమరిదికి ఒక మడత ఫోన్ ఉంది, కంపెనీ పేరెందుకులెండి, ఏడాది తిరిగేసరికి మడత దగ్గర ఆ పొర బుడగలా లేచింది, వాడు చేసేది ఏసీ ఆఫీసులో ఉద్యోగం.

దుమ్ము తట్టుకునేది కూడా వచ్చింది, గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్ కి ఐపీ68 ఇచ్చారు, కానీ రిలీజ్ అయినప్పుడు రేటు 1,72,999, అంటే మన లెక్క ఏం మారదు. ఫ్లిప్ టైపువి యాభై వేల నుంచే ఉన్నాయి గానీ తెరిస్తే మామూలు ఫోనే, మీకు పనికిరావు.

అసలు నాకు నచ్చనిది ఇంకోటుంది. ఫోల్డ్7 లోపలి స్క్రీన్ 8 అంగుళాలు అనగానే పెద్దదనుకుంటాం, కానీ ఆ స్క్రీన్ దాదాపు చదరంగా ఉంటుంది. మీ ఏ3 సైజు డ్రాయింగ్ అడ్డంగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఫోల్డ్ లో పెడితే వెడల్పు ఆరు అంగుళాలు కూడా రాదు, పైనా కిందా ఖాళీ. అదే 11 అంగుళాల ట్యాబ్ లో ఎనిమిది అంగుళాలు దాటి వస్తుంది. పైగా ఫోల్డ్7 లో స్క్రీన్ మీద రాసే ఎస్ పెన్ సపోర్ట్ తీసేశారు, డ్రాయింగ్ మీద మార్కింగ్ చేద్దామంటే వేలే గతి. శాంసంగ్ ట్యాబ్ ఎస్9 ఎఫ్ఈ లాంటివాటికి ఐపీ68 ఉంది, పెన్ను బాక్సులోనే వస్తుంది, రిలీజ్ అయినప్పుడు రేటు 36,999.

ఇక డబ్బులు. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదండి, బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం మీకు ముందే డిస్కౌంట్ గా చూపిస్తారు, 2013 లోనే ఆర్బీఐ జీరో శాతం స్కీములు వద్దంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ జేబులోంచే పోతుంది. 16 శాతం వడ్డీ అనుకుంటే 24 నెలలకి వడ్డీ సుమారు 26 వేలు, దాని మీద జీఎస్టీ 4,700 దాకా, ప్రాసెసింగ్ ఫీజు వేరే. రెండేళ్ళ తర్వాత 60 వేలకి అమ్ముడుపోయిందనుకుందాం, అప్పుడు కూడా నెలకి అయిదు వేలు అద్దె కట్టినట్టే. లోపలి స్క్రీన్ పోతే ఆ 60 వేలూ మర్చిపోండి, కొత్త స్క్రీన్ వేయించే ఖర్చుకి ఇంకో మంచి ఫోనే వస్తుంది.

మీ ఫ్రెండ్ చెప్పింది సగమే నిజం. మీరు 44ఏడీ కింద, అంటే ఖర్చుల లెక్క చూపకుండా టర్నోవర్ లో ఇంత శాతం లాభం అని రిటర్న్ వేస్తుంటే ఖర్చులన్నీ అందులోనే కలిసిపోయినట్టు లెక్క, ఫోన్ విడిగా చూపించడానికి ఉండదు. జీఎస్టీ రెగ్యులర్ స్కీములో ఉండి, బిల్లు మీ జీఎస్టీ నంబర్ మీద తీసుకుని, పనికే వాడితే ఫోన్ మీద కట్టిన జీఎస్టీ 26,695 రూపాయలు క్రెడిట్ గా రావచ్చు, కాంపోజిషన్ లో, అంటే టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే స్కీములో ఉంటే అదీ లేదు. మీ ఆడిటర్ని అడగండి, ఫ్రెండ్ని కాదు.

నేనైతే ఇలా చేస్తా. నెలకి 7,292 కట్టగలనన్నారు కదా, ఆ డబ్బే అయిదు నెలలు పక్కన పెడితే 36,460, ఈ లోపు ఫోన్ తోనే సర్దుకుని అప్పుడు ట్యాబ్ క్యాష్ కే కొనేయండి, దానికొక గట్టి కవర్ వేయండి. ఆరో నెల నుంచి అదే 7,292 గోల్డ్ లోన్ కి కట్టండి, ప్రతి నెలా కట్టించుకుంటారో లేదో బ్యాంకులో ముందు కనుక్కోండి. ఆ నెలల వడ్డీ అందులోనే పోయినా 18 నెలల్లో తీరిపోతుంది. మొత్తం 23 నెలలు, అంటే ఫోన్ ఈఎంఐలో ఆఖరి కిస్తీ ఇంకా ఉండగానే నగలు ఇంటికొస్తాయి. బ్యాంకులో ఉన్న 90 వేలు ముట్టుకోవద్దు, రెండు నెలల ఖర్చుకి పైన కొంచెం అంతే, ఒక పార్టీ బిల్లు లేటు చేసినా అదే ఆధారం. ఫోన్ కోసం చీటీ పాట మాత్రం పాడకండి, డబ్బు ముందే కావాలని తగ్గించి పాడితే పోయేది ఈఎంఐ ఖర్చు కన్నా ఎక్కువే ఉండొచ్చు.

నగలొచ్చాక కూడా మడత ఫోన్ మీద మోజు తగ్గకపోతే అప్పటికి ఫోల్డ్7 పాత మోడల్ అయిపోతుంది, రేటు దిగుతుంది. అప్పుడైనా షోరూం కన్నా ముందు సర్వీస్ సెంటర్ కి వెళ్ళి, లోపలి స్క్రీన్ మార్చడానికి ఎంతవుతుందో, సిమెంటు పొడి పోతే వారంటీ వర్తిస్తుందో లేదో రాయించుకుని రండి.