కార్డు రీడర్ చచ్చిపోయిందనుకునే ముందు ఒకసారి ఛార్జర్ పెట్టి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొని, విండోస్ తీసేసి ఉబుంటు వేసుకున్నారు. కెమెరాలోని ఎస్‌డీ కార్డు పక్క స్లాట్‌లో పెడితే ఉలుకూ పలుకూ లేదు. అదే కార్డు కెమెరాలో, మీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది. స్లాట్ పోయిందా, లేక లైనక్స్‌కి ఆ రీడర్ పడదా అని అడిగారు.

రెండూ కాకపోవచ్చు. నాకు సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నా.

2022 వేసవిలో తణుకు దగ్గర పల్లెటూళ్లో మా పెద్దమ్మ కూతురి పెళ్ళి. ఫొటోగ్రాఫర్లు వేరే ఉన్నారు, నేను సరదాకి తీస్తున్నా. రాత్రి భోజనాలయ్యేసరికి కార్డు నిండిపోయింది. వరండాలో మడతమంచం మీద కూర్చుని లాప్‌టాప్‌లో కార్డు పెట్టాను. ఏమీ రాలేదు. తీసి, ఊది, మళ్ళీ పెట్టాను. రీస్టార్ట్ చేశాను. ఊహూ. "అందరూ వాడేది వాడకుండా ఆ లైనక్స్ ఏంటి బావా" అని మా బావమరిది ఎత్తిపొడుపు. తెల్లారితే తలంబ్రాలు, కార్డులో చోటు లేదు, ఆ టెన్షన్ వేరే. చివరికి రాత్రి పదకొండింటికి ఎవరిదో ఫోన్‌కి ఓటీజీ కేబుల్ దొరికితే గట్టెక్కాను.

హైదరాబాద్ వచ్చి టేబుల్ మీద పెట్టి చూస్తే మొదటిసారికే కార్డు వచ్చేసింది! స్లాట్‌లో దుమ్ము పడి ఉంటుంది, బస్సు కుదుపులకి పోయిందిలే అనుకున్నాను. రెండు వారాల తర్వాత సోఫాలో కూర్చుని పెడితే మళ్ళీ లేదు. అప్పుడు వెలిగింది. టేబుల్ దగ్గర ఛార్జర్ ఎప్పుడూ గుచ్చే ఉంటుంది. పెళ్ళింట్లో, సోఫాలో బ్యాటరీ మీద నడుస్తోంది. ఛార్జర్ పెట్టి కార్డు పెడితే వస్తుంది, ఛార్జర్ తీసి పెడితే రాదు. పదిసార్లు మార్చి మార్చి చూశాను, ఒక్కసారి కూడా తప్పలేదు.

కారణం నేనే. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్ వేసుకున్నాను. మనం మార్చకపోతే అది ఛార్జర్ ఉన్నప్పుడు పీసీఐ పరికరాలను (లోపల బోర్డుకి తగిలించి ఉండేవి, నా కార్డు రీడర్ లాంటివి) మేలుకొనే ఉంచుతుంది. బ్యాటరీ మీదకి రాగానే, పని లేనివాటిని నిద్రపోనిస్తుంది. కార్డు పెట్టగానే రీడర్ నిద్ర లేవాలి. నా లాప్‌టాప్‌లో లేవడం లేదు, అంతే. పవర్‌టాప్ అనే ఇలాంటి ఇంకో ప్రోగ్రామ్‌లో ఆటో ట్యూన్ కొట్టినా ఇదే జరగొచ్చు. మీ లాప్‌టాప్‌లో ఈ రెండూ లేకపోయినా ఛార్జర్ పరీక్ష చేయండి, అర నిమిషం పని.

అది తేడా చూపించకపోతే కాస్త వరసగా వెతకాలి. మీ ప్రశ్నలో ఒకే మాటగా ఉన్నవి నిజానికి రెండు వేరు సమస్యలు. లాప్‌టాప్‌కి రీడర్ కనబడకపోవడం ఒకటి, రీడర్‌కి కార్డు కనబడకపోవడం ఇంకొకటి. మందులు వేరు. ఇది తేల్చకుండా నెట్‌లో దొరికిన ప్రతి కమాండూ కొట్టుకుంటూ పోతే, నాలా ఒక ఆదివారం పోతుంది.

(ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద రాస్తున్నాను కాబట్టి కమాండ్లు పలికినట్టే రాస్తున్నా. మీరు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే విండోలో, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఖాళీ కావాల్సిన చోట చెబుతాను.)

ముందు కార్డుకున్న చిన్న తాళం మీట కిందికి జరిపి పెట్టండి. ఫొటోలున్న కార్డుతో ప్రయోగాలు చేస్తున్నారు కదా, పొరపాటున ఏదీ దాని మీద రాయకుండా ఉంటుంది. ఎవరైనా ఫార్మాట్ చేయమన్నా, ఏ సిస్టమ్ అయినా ఫార్మాట్ చేయనా అని అడిగినా ఒప్పుకోకండి.

ఇప్పుడు ఎల్ఎస్‌పీసీఐ కొట్టండి. వచ్చిన లిస్టులో చాలామంది "కార్డ్ రీడర్" అనే మాటతో మొదలయ్యే లైను కోసం వెతికి, లేదని వదిలేస్తారు. రియల్‌టెక్ చిప్పులు చాలావాటికి లైను మొదట్లో "అన్అసైన్డ్ క్లాస్" అని ఉంటుంది. కంపెనీ పేరు, ఆర్‌టీఎస్ 5227, 5229, 5249 లాంటి నంబరు, ఆ తర్వాతే కార్డ్ రీడర్ అన్న మాట వస్తాయి. కాబట్టి లైను చివరిదాకా చదవండి. కొన్ని చిప్పులకి "ఎస్‌డీ హోస్ట్ కంట్రోలర్" అని ఉంటుంది. ఇక్కడ లేకపోతే ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. స్లాట్ లాప్‌టాప్ బాడీలోనే ఉన్నా, లోపల అది యూఎస్‌బీ వైరింగ్ మీద ఉండొచ్చు. అక్కడ రియల్‌టెక్ పరికరాల కోడ్ 0బీడీఏ అంకెలతో మొదలవుతుంది.

రెండు చోట్లా లేదనుకోండి. అప్పుడు డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) గురించి ఆలోచించే పనే లేదు, ఎందుకంటే డ్రైవర్ లేకపోయినా పరికరం పేరు ఈ లిస్టుల్లో కనబడాలి. ముందు బయోస్‌లోకి, అంటే లాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లండి. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన లాప్‌టాప్‌లలో డేటా బయటికి పోకూడదని మెమరీ కార్డు స్లాట్‌ని బయోస్‌లోనే ఆపేసి ఉంచడం మామూలే. సెక్యూరిటీ కింద పోర్టుల సెట్టింగుల్లోనో, పరికరాల లిస్టులోనో ఉంటుంది. మీది సెకండ్‌హ్యాండ్ అన్నారు కాబట్టి నాకు దీని మీద అనుమానం ఎక్కువే. అక్కడ ఆన్‌లోనే ఉంటే, లాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ పీకి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. మంత్రంలా అనిపిస్తుంది గానీ, ఇరుక్కుపోయిన చిప్పుకి కరెంటు పూర్తిగా పోవడానికి అదే దారి.

ఇంకో విచిత్రం ఉంది. కొన్ని రీడర్లు లోపల కార్డు లేకపోతే తమను తామే ఆపేసుకుంటాయి, పీసీఐ లిస్టులోంచే మాయమవుతాయి. కరెంటు ఆదా కోసమే. కార్డు పెట్టగానే మళ్ళీ ప్రత్యక్షం కావాలి, ఆ కబురు కెర్నల్‌కి (లైనక్స్ గుండెకాయకి) అందకపోతే కావు. దీన్ని పట్టుకోవడం తేలిక: కార్డు స్లాట్‌లో ఉంచే లాప్‌టాప్ ఆన్ చేయండి. అలా చేస్తే కార్డు వచ్చిందంటే రోగం ఇదే. ప్రతిసారీ రీబూట్ చేయక్కర్లేదు. సిస్ ఫోల్డర్‌లో బస్, అందులో పీసీఐ, అందులో రీస్కాన్ అనే ఫైల్ ఉంటుంది. రూట్‌గా, అంటే అడ్మిన్ అధికారంతో, దాంట్లోకి 1 అని పంపితే కెర్నల్ మళ్ళీ ఒకసారి అందరి హాజరు తీసుకుంటుంది.

రీడర్ లిస్టులో ఉంటే మీ పని సగం అయినట్టే. ఎల్ఎస్‌పీసీఐ పక్కన ఖాళీ ఇచ్చి, హైఫన్ కే కొడితే ప్రతి పరికరం కింద ఏ డ్రైవర్ వాడుకలో ఉందో చూపిస్తుంది. రియల్‌టెక్ పీసీఐ రీడర్లకి ఆర్‌టీఎస్‌ఎక్స్ అండర్‌స్కోర్ పీసీఐ అని ఉండాలి. ఈ డ్రైవర్ 2013లో వచ్చిన 3.8 కెర్నల్ నుంచి లైనక్స్‌లోనే ఉంది. కాబట్టి ఫలానా సైటు నుంచి జిప్ దింపుకుని, మేక్ కొట్టి, ఆర్‌టీఎస్ పీస్టోర్ డ్రైవర్ వేసుకోండని చెప్పే పాత సలహాలు పట్టించుకోకండి. అవి అంతకు ముందు కాలానివి. ఎవరి దగ్గరో కొన్న మెషీన్‌లో పాత ఉబుంటు అలాగే ఉంటే, ఇంతకు ముందువాళ్లు అసలు డ్రైవర్‌ని లోడ్ కాకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి ఉండొచ్చు; ఈటీసీ ఫోల్డర్‌లో మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్ ఒకసారి చూడండి. మీరు కొత్తగా వేసుకున్నారు కాబట్టి ఆ గొడవ ఉండదనుకుంటా.

ఇక అసలైన పరీక్ష. కార్డు బయటికి తీయండి. టెర్మినల్‌లో సుడో, ఖాళీ, డీఎంఈఎస్‌జీ, ఖాళీ, హైఫన్ డబ్ల్యూ కొట్టండి. పాత లైన్లన్నీ పారిపోయాక స్క్రీన్ ఆగుతుంది. నాలుగైదుసార్లు ఎంటర్ కొట్టి కొంచెం ఖాళీ చేసుకుని, కార్డు నెమ్మదిగా పెట్టండి. కెర్నల్ ఏమనుకుంటోందో అప్పటికప్పుడే అక్కడ రాసేస్తుంది.

అంతా బాగుంటే ఎంఎంసీ0 అని మొదలై, కొత్త ఎస్‌డీహెచ్‌సీ లేదా ఎస్‌డీఎక్స్‌సీ కార్డు వచ్చిందని ఒక లైను, ఎంఎంసీబీఎల్‌కే0 అనే పేరుతో కార్డు సైజు చెప్పే ఇంకో లైను వస్తాయి. యూఎస్‌బీ దారిలో ఉన్న రీడర్లలో చాలావాటికి ఆ పేరు బదులు ఎస్‌డీబీ లాంటిది వస్తుంది. 64 జీబీ కార్డుకి 59 చిల్లర చూపిస్తే కంగారు పడకండి, లెక్కపెట్టే పద్ధతి తేడా.

ఒక్క లైనూ రాలేదంటే రీడర్‌కి కార్డు వచ్చిన సంగతే తెలియలేదు. ఒకటి, నాలాగా నిద్రలో ఉంది. రెండు, స్లాట్ లోపల కార్డు వచ్చిందని చెప్పే చిన్న స్విచ్ ఇరుక్కుంది. మూడు, మీరు పెడుతున్నది మైక్రోఎస్‌డీ అయితే దాని ప్లాస్టిక్ అడాప్టర్ పోయింది (ఇది మనం అనుకునేదానికంటే ఎక్కువసార్లు జరుగుతుంది, ఇంకో అడాప్టర్‌తో చూడండి). అన్నట్టు కొన్ని లాప్‌టాప్‌ల స్లాట్‌లో దుమ్ము పడకుండా కార్డు ఆకారంలోనే ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయన అది తీయకుండానే పైనుంచి కార్డు తోస్తూ, నన్ను పిలిచి మరీ కార్డు దూరడం లేదని చూపించాడు. నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

మైనస్ 110 అనే ఎర్రర్ వచ్చిందంటే కార్డు వచ్చిన సంగతి తెలిసింది గానీ, పలకరిస్తే గడువులోగా జవాబు రాలేదని అర్థం. మైనస్ 84 అయితే జవాబు వచ్చింది కానీ మధ్యలో చెడిపోయి వచ్చింది. రెండింటికీ నేను ముందు అనుమానించేది కాంటాక్టులనే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి కొద్దిగా అద్ది కార్డు బంగారు రంగు పట్టీలు తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. నేను ఊదాననుకోండి, అది వేరే విషయం.

అన్నీ బాగా వచ్చి, ఎల్ఎస్‌బీఎల్‌కే కొడితే కార్డు కూడా కనబడి, తెరుచుకోకపోతే మాత్రం అది రీడర్ సమస్య కాదు, కార్డులోని ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు అమర్చే పద్ధతి) సంగతి. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌తో వస్తాయి. 2020లో వచ్చిన 5.7 కెర్నల్ నుంచి దానికి మంచి డ్రైవర్ లోపలే ఉంది. ఉబుంటు 18.04 లాంటి పాతది అయితే ఎక్స్‌ఫ్యాట్ ఫ్యూజ్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి.

ఛార్జర్ పరీక్షలో మీకూ నాలాగే వస్తే, పరిష్కారం ఇదీ. ఎల్ఎస్‌పీసీఐలో రీడర్ లైను మొట్టమొదట 02:00.0 లాంటి నంబరు ఉంటుంది. సిస్, బస్, పీసీఐ, డివైసెస్ కింద అదే నంబరుతో, ముందు నాలుగు సున్నాలు, ఒక కోలన్ చేర్చిన ఫోల్డర్ ఉంటుంది. అందులో పవర్, దాంట్లో కంట్రోల్ అనే ఫైల్. బ్యాటరీ మీద ఉండగా తెరిస్తే ఆటో అని ఉంటుంది. రూట్‌గా దాన్ని ఆన్ అని మార్చి కార్డు పెట్టండి. వచ్చిందా, దొంగ దొరికినట్టే. రీబూట్ చేస్తే ఇది పోతుంది కాబట్టి, టీఎల్‌పీ వాడుతుంటే ఈటీసీలోని టీఎల్‌పీ డాట్ కాన్ఫ్ ఫైల్లో రన్‌టైమ్ పీఎం డినైలిస్ట్ అనే లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, కోట్స్ మధ్య ఆ నంబరు రాయండి. 1.4కి ముందు వెర్షన్లలో ఆ లైను పేరు చివర డినైలిస్ట్ బదులు బ్లాక్‌లిస్ట్ అని ఉండేది. సేవ్ చేసి, సుడో, ఖాళీ, టీఎల్‌పీ, ఖాళీ, స్టార్ట్ కొడితే చాలు. నా లాప్‌టాప్‌లో ఆ ఒక్క లైనుతో పోయింది, బ్యాటరీ తగ్గడంలో నాకు కనబడేంత తేడా ఏమీ లేదు.

ఇవన్నీ అయ్యాక కూడా రెండు లిస్టుల్లోనూ రీడర్ కనబడకపోతే అప్పుడు స్లాటో, దాని కేబులో పోయినట్టే. బోర్డు విప్పించే ఖర్చు దండగ, చిన్న యూఎస్‌బీ రీడర్ కొనుక్కోండి. ఇంకా తేలకపోతే డీఎంఈఎస్‌జీలో కార్డు పెట్టాక వచ్చిన లైన్లు, ఎల్ఎస్‌పీసీఐలో రీడర్ లైను ఇక్కడ పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.