మీ వాహనం – మా జవాబు: నీరు పట్టిన వించ్

ప్రశ్న: నా థార్ ముందు బంపరులో 12 వోల్టుల, 9,500 పౌండ్ల ఎలక్ట్రిక్ వించ్ (డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ, చిక్కుకున్న వాహనాన్ని లాగే యంత్రం) ఉంది. వర్షాకాలంలో పాడేరు పరిసరాల్లోని వాగుల్లోనూ, బురద దారుల్లోనూ బాగా వాడాను. ఆ తరువాత కొన్ని నెలలు దాని జోలికి పోలేదు. ఇప్పుడు రిమోట్ నొక్కితే కంట్రోల్ బాక్సులో టక్కుమని శబ్దం వస్తోందే తప్ప డ్రమ్ము కదలడం లేదు. మామూలు పనిముట్లతో ఇంట్లోనే దీన్ని పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: నిస్సందేహంగా బిగించుకోవచ్చు. అయితే పానా పట్టుకోవడానికి ముందు మల్టీమీటరు పట్టుకోండి. ఎవరైనా ఒకరిని రిమోట్ నొక్కమని, మోటారుకు కరెంటు అందే స్టడ్డుకూ (తీగ బిగించే బోల్టుకూ) ఎర్త్ స్టడ్డుకూ మధ్య వోల్టేజి చూడండి. బ్యాటరీ వోల్టేజి అక్కడ పూర్తిగా కనిపిస్తున్నా మోటారు ఉలకకపోతే, లోపల కార్బన్ బ్రష్షులు తుప్పుకు బిగుసుకుపోయి కమ్యుటేటరును (షాఫ్టు మీది రాగి పలకల వలయాన్ని) తాకడం లేదని దాదాపుగా నిర్ధారించుకోవచ్చు. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు నిలకడగా ఉండి, మోటారు దగ్గరికి వచ్చేసరికి పడిపోతుంటే లోపం కాంటాక్టరులోనో (కంట్రోల్ బాక్సులో మోటారుకు కరెంటు కలిపే స్విచ్చిలోనో), కేబుల్ జాయింట్లలోనో ఉంది. అప్పుడు వించ్‌ను విప్పవలసిన అవసరమే లేదు. మంచి బ్యాటరీ సైతం ఒక్కసారిగా దిగజారితే మోటారు గానీ, గేర్లు గానీ పట్టేశాయన్నమాట. క్లచ్చి మీటను ఫ్రీ స్పూల్ (గేర్ల నుంచి విడివడి డ్రమ్ము స్వేచ్ఛగా తిరిగే స్థితి) వైపు తిప్పి తాడును చేత్తో లాగి చూడండి. అప్పుడు డ్రమ్ము సులువుగా తిరిగితే దాని బేరింగులు బాగున్నట్లే.

విప్పవలసి వస్తే ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేయండి. తాడంతా విప్పి, ఏ తీగ ఏ స్టడ్డుకు వెళ్తోందో ఫోటో తీసుకుని, వించ్‌ను బల్ల మీదికి దించండి. మీ వించ్‌లో మధ్యన డ్రమ్ము, ఒక చివర మోటారు, రెండో చివర మూడు అంచెల ప్లానెటరీ గేర్లు ఉంటాయి. మోటారు తిప్పే షాఫ్టు డ్రమ్ము లోపలి నుంచి అవతలి గేర్లను చేరుతుంది, ఆ షాఫ్టు మీదే, డ్రమ్ము కడుపులో, బ్రేకు కూర్చుని ఉంటుంది. అందువల్ల ప్రతి జాయింటు మీదా అటూ ఇటూ కలిసేలా ఒక గీత గీసుకోండి. గేరు బాక్సు వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క అంచె గేర్లను బయటికి తీసిన వరుసలోనే, తీసిన ముఖం పైకి ఉండేలా పళ్లెంలో పేర్చండి. అంచెల మధ్య పల్చటి థ్రస్ట్ వాషర్లు ఉంటాయి. అవి పాత గ్రీజుకు అంటుకుని కనిపించవు. గ్రీజుతో పాటు వాటిని కూడా గుడ్డతో తుడిచి పారేయడం ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు. కాబట్టి తీసిన గ్రీజును వేళ్లతో నలిపి చూశాకే పారవేయండి.

గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్లు. గేర్లను కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పళ్ల మీద గుంటలు పడ్డాయేమో వెలుతురులో తిప్పి చూడండి. తరువాత 2వ నంబరు లిథియం ఈపీ (అధిక ఒత్తిడిని తట్టుకునే) గ్రీజును బ్రష్షుతో పళ్ల మీద పల్చగా పూయండి. గేరు బాక్సు నిండా గ్రీజు కూరితే వించ్ ఎక్కువ కాలం మన్నుతుందనే నమ్మకం మన మెకానిక్కుల్లో బలంగా ఉంది, కానీ అది వించ్‌కు మేలు చేయదు. ఎక్కువైన గ్రీజు ఫ్రీ స్పూల్‌ను బిగుసుకునేలా చేస్తుంది, వేడెక్కి కరిగి బ్రేకు వైపు జారుతుంది.

బ్రేకు విషయంలో నా అభిప్రాయం కచ్చితమైనది: అది సరిగా పట్టుతూ ఉంటే దాన్ని విడదీయవద్దు. లోపలి స్ప్రింగు ఒక నిర్దిష్టమైన బిగువుతో, ఒకే దిశలో అమర్చి ఉంటుంది. విప్పాక అదే బిగువుతో తిరిగి కూర్చోబెట్టడం అనుభవం లేని చేతికి సాధ్యం కాదు, తేడా వస్తే ఏటవాలు మీద వేలాడుతున్న వాహనం జారిపోతుంది. బ్రేకు లైనింగు రుద్దుకునే డ్రమ్ము లోపలి గోడను మాత్రం బ్రేక్ క్లీనరుతో శుభ్రంగా తుడవండి. ఆ గోడకు గానీ లైనింగుకు గానీ గ్రీజు చుక్క కూడా తగలకూడదు. లైనింగు ఇప్పటికే నూనె పీల్చుకుని ఉంటే బ్రేకు అసెంబ్లీని మొత్తంగా మార్చడమే క్షేమం.

మీ లక్షణాలను బట్టి అసలు పని మోటారులోనే ఉంటుందని అనిపిస్తోంది. పొడవాటి బోల్టులు రెండు తీసి వెనుక మూత లేపగానే ఎర్రటి తుప్పు పొడి రాలుతుంది. బ్రష్షులను హోల్డర్లలోంచి మెల్లగా కదిలించి బయటికి తీసి, హోల్డర్ల లోపలి అంచులను శుభ్రం చేయండి. బ్రష్షు తన బరువుకే జారేంత వదులుగా ఉండాలి. సగానికి మించి అరిగినవాటిని మార్చివేయండి. కమ్యుటేటరును సన్నని సాండ్ పేపరుతో రుద్దవచ్చు గానీ ఎమరీ కాగితం వాడవద్దు, దాని రజను రాగి పలకల మధ్య సందుల్లో చేరి షార్టుకు దారి తీస్తుంది. రుద్దిన తరువాత ఆ సందులను గట్టి ప్లాస్టిక్ ముక్కతో గీకి ఊదండి. ఏ రాగి పలకకూ షాఫ్టుకూ మధ్య మల్టీమీటరు కంటిన్యుటీ (కరెంటు పారే దారి) చూపకూడదు. చూపితే ఆర్మేచరును (మోటారులో తిరిగే భాగాన్ని) రివైండింగ్ షాపుకు ఇవ్వక తప్పదు. తిరిగి దూర్చేటప్పుడు బ్రష్షులను సన్న తీగతో వెనక్కి లాగి కట్టి, ఆర్మేచరు కూర్చున్నాక ఆ తీగను లాగేయండి. స్టడ్డు పై నట్టు బిగించేటప్పుడు కింది నట్టును మరో పానాతో తప్పనిసరిగా పట్టుకోండి, లేకపోతే స్టడ్డు మొత్తం తిరిగి లోపలి తీగ తెగిపోతుంది.

విడిగా ఉన్న మోటారును బల్ల మీద పరీక్షించాలనుకుంటే ఒకటి రెండు క్షణాలు మాత్రమే తిప్పండి. వించ్‌లలో ఉండే ఇలాంటి సిరీస్ మోటారు భారం లేకుండా తిరిగితే ప్రమాదకరమైన వేగాన్ని అందుకుంటుంది.

ఇవన్నీ చేసి, నీరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతక్కుండా మూత బిగిస్తే వచ్చే వర్షాకాలానికి మళ్లీ ఇదే పని పడుతుంది. మోటారు మూత గాస్కెట్, స్టడ్డుల చుట్టూ ఉండే రబ్బరు బుషులు, క్లచ్చి మీట కింది ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) అనే మూడు చోట్లనూ చూసి, పగిలినవాటిని మార్చి, కొత్తవాటికి పల్చగా గ్రీజు రాసి బిగించండి. మోటారుకు నీరు కారే రంధ్రం ఉంటే అది కిందికే ఉండాలి. వాగు దాటిన ప్రతిసారీ ఇల్లు చేరాక వించ్‌ను కొద్దిసేపు భారం లేకుండా అటూ ఇటూ తిప్పితే మిగిలిన తేమ చాలా వరకు ఆరిపోతుంది.

ప్రశ్న: ఇనుప తాడు తీసి సింథటిక్ తాడు చుట్టించాను. డ్రమ్మును ఆనుకుని ఉన్న మొదటి చుట్లు గట్టిపడి, అద్దంలా మెరుస్తున్నాయి. తాడు నాసిరకమా?
– ఒక పాఠకుడు, వికారాబాద్

జవాబు: తాడును నిందించే ముందు మీరు వించ్‌ను వాడే పద్ధతిని చూసుకోండి. బ్రేకు డ్రమ్ము లోపలే ఉండే వించ్‌లో, భారంతో ఉన్న తాడును మోటారుతో బయటికి వదిలినప్పుడు బ్రేకు రాపిడికి డ్రమ్ము కాలిపోతుంది. లోపలికి లాగేటప్పుడు ఇంత వేడి పుట్టదు. ఈ తాళ్లలో వాడే పాలిథిలిన్ నార సుమారు 70 డిగ్రీల దగ్గరే బలం కోల్పోవడం మొదలుపెట్టి, 150 డిగ్రీల లోపే కరుగుతుంది. గట్టిపడిన భాగాన్ని కోసివేసి, మొదటి పొరకు వేడిని తట్టుకునే తొడుగు వేయించండి. వాహనాన్ని ఏటవాలు మీద కిందికి దించేటప్పుడు మధ్య మధ్య ఆగుతూ దించండి. 1974లో వచ్చిన వార్న్ కంపెనీ 8274 మోడలు వంటి నిలువు వించ్‌లలో బ్రేకు డ్రమ్ము బయట ఉంటుంది కనుక వాటికి ఈ బాధ తక్కువ. డ్రమ్ము మీద సింథటిక్ తాడు కనీసం 10 చుట్లు, ఇనుప తాడు కనీసం 5 చుట్లు ఎప్పుడూ మిగిలి ఉండాలి, ఎందుకంటే తాడు చివరను డ్రమ్ముకు పట్టి ఉంచే మేకు భారాన్ని మోయడానికి పెట్టినది కాదు.

ప్రశ్న: వించ్ విప్పి బిగించాక రిమోట్‌లో "ఇన్" నొక్కితే తాడు బయటికి వస్తోంది. గుర్తులు తారుమారు చేసుకుని వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వాడకండి. బ్రేకు ఒక దిశలోనే పట్టుతుంది. ముందుగా తాడు డ్రమ్ము అడుగు నుంచి బయటికి వస్తోందో, పై నుంచి వస్తోందో చూడండి. అడుగు నుంచే వస్తుంటే మోటారు ఫీల్డు స్టడ్డులు రెండింటి తీగలు అటుదిటు అయ్యాయి, వాటిని మార్చితే చాలు. పై నుంచి వస్తుంటే తాడు తప్పుగా చుట్టుకుంది. ఆ స్థితిలో భారం వేస్తే బ్రేకు పట్టదు. పూర్తిగా విప్పి, సరైన వైపు నుంచి, వాహనాన్నే మెల్లగా లాగుతూ బిగువుగా చుట్టండి. ఆ తరువాత స్వల్పమైన ఏటవాలు మీద లాగి, మధ్యలో రిమోట్ వదిలి, వాహనం ఉన్నచోటే నిలబడుతోందో లేదో చూసుకోండి. ఆ సమయంలో తాడు దారిలో ఎవరూ ఉండకూడదు.