అలక అనుకునే ముందు జ్వరం చూడండి

ప్రశ్న: మా లాబ్రడార్‌కు నాలుగేళ్లు, 28 కిలోలు ఉంటాడు. పది రోజుల కిందట వీధిలో దొరికిన పిల్లికూనను ఇంటికి తెచ్చుకున్నాం. అప్పట్నుంచి వాడికి ఒకటే కుళ్లు. కూన కనిపిస్తే గుర్రుమంటాడు. రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ 650 సగం బిళ్ల నోట్లో వేశాం. నిన్న కూనను ఎత్తుకోబోతే మా ఆరేళ్ల పాప చేతికి వాడి పన్ను గీరుకుంది, పసుపు అద్దాం. అసూయ తగ్గడానికి మందేమైనా ఉందా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు పాప సంగతి చూడండమ్మా. చర్మం గీరుకుంటే చాలు, రక్తం రాకపోయినా రేబీస్ టీకా అవసరమే. నిన్నటి గాయమైనా సరే, ఇప్పుడు కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఇవాళే రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టొద్దు. చర్మంలోకి ఇచ్చే సూదులైతే, మొదటి సూది రోజును 0 అనుకుని, 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ఇమ్యునోగ్లోబులిన్ (రేబీస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల సూది) కావాలా అన్నది గాయం చూసి అక్కడి డాక్టరు చెబుతారు.

మీ కుక్కకు రేబీస్ టీకా ఎప్పుడు వేయించారో రాయలేదు. స్వభావం మారి, తిండి మానేసి, ఇంటి మనిషి మీదే పన్ను వేసిన కుక్కను చూస్తే మాకు ముందు తట్టేది ఆ అనుమానమే. అదే అయ్యుంటుందని అనడం లేదు, చూడకుండా ఎవరూ తేల్చలేరు. కానీ వాడి నోట్లో ఇక చెయ్యి పెట్టొద్దు. ఎంగిలి తగలకుండా చూసుకోండి. పెద్దవాళ్లే గొలుసు పట్టుకుని ఇవాళే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, దగ్గర్లోని పశువైద్యశాలకో తీసుకెళ్లండి, టీకా కార్డు మరవకండి. పది రోజులు వాడి మీద కన్నేసి ఉంచాలి.

ఇక ఆ బిళ్ల. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీలు. మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. థర్మామీటరు లేకుండా జ్వరమని ఎలా అనుకున్నారు? ఆ బరువుకు ఆ సగం బిళ్లతో ప్రాణాపాయం ఉండకపోవచ్చు. కానీ నిజంగా జ్వరముంటే దాన్ని కప్పేస్తుంది, కాబట్టి ఎప్పుడు వేశారో డాక్టరుకు తప్పక చెప్పండి. అదే బిళ్ల రేపు కూనకు నలతగా ఉందని వేస్తారేమోనన్నదే నా భయం. పారాసిటమాల్‌ను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. కిలో బరువు కూనకు పావు బిళ్ల కూడా ప్రాణం మీదికి తెస్తుంది: మొహం ఉబ్బి, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. ఐబుప్రోఫెన్ అనే నొప్పి బిళ్ల అయితే కుక్కకూ కడుపులో పుండ్లు తెస్తుంది, మూత్రపిండాలు పాడుచేస్తుంది. ఇంట్లో మందుల డబ్బా మనుషులకే.

తిండి మానేయడం వెనక మన ప్రాంతంలో నేను తరచూ వెతికేది పిడుదుల జ్వరం. వాడి చెవుల లోపల, చంకల్లో, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో చూడాలి. ఈ పరీక్ష ఇంట్లో చేయబోకండి, డాక్టరు చూస్తారు. చిగుళ్లు పాలిపోయాయంటే రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు కూడా చూడాలి. కుళ్లుకు సాధారణంగా కుక్క ఒక పూట అలుగుతుంది, రెండు రోజులు పస్తుండదు.

అసూయకు బిళ్ల లేదు. రెండింటినీ ఇప్పట్నుంచే వేరే గదుల్లో పెట్టండి. కుక్క ఆరోగ్యం తేలాక, మూసిన తలుపుకు అటొకటి ఇటొకటి తినేలా గిన్నెలు పెట్టి, రోజూ కొంచెం దగ్గరికి జరపండి. కూన పడుకున్న గుడ్డ కుక్క దగ్గర, కుక్కది కూన దగ్గర వేయండి. వారం తర్వాత గొలుసు వేసి పది నిమిషాలు చూపించండి. ఒళ్లు బిగిసి, రెప్ప వేయకుండా చూస్తుంటే ఆ రోజుకు ఆపేయండి. గుర్రుమన్నందుకు కొట్టొద్దు, తిట్టొద్దు. గుర్రుమనడం వాడిచ్చే హెచ్చరిక, అది మాన్పిస్తే చెప్పకుండా కరుస్తాడు. కూన కోసం, కుక్కకు అందనంత ఎత్తులో అరో, అల్మరా పైభాగమో వదలండి. కూన దొడ్డికి వెళ్లే మట్టి తొట్టి కుక్కకు అందకూడదు, అందులోది తినేస్తుంది, పురుగులు పడతాయి. కూనకు నులిపురుగుల మందు, మూడు నెలలు నిండాక రేబీస్ టీకా.

కుక్క మెడమీద వేసే పిడుదుల మందులో పర్మెత్రిన్ ఉంటే అది పిల్లికి విషం. ఒంటికి అంటుకున్నా వణుకు, మూర్ఛ వస్తాయి. అట్ట మీద పేరు చదవండి, అర్థం కాకపోతే ఇంట్లో పిల్లి ఉందని డాక్టరుకు చెప్పి రాయించుకోండి.