టోకెన్ కరెక్టే, మరి 401 ఎందుకొస్తోంది?

ప్రశ్న: పైథాన్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీతో (వెబ్ సర్వర్లతో మాట్లాడే కోడ్ ప్యాకేజీ) మా ఆఫీసు ఏపీఐ (ప్రోగ్రాములు డేటా అడిగే దారి) నుంచి రోజూ రిపోర్టులు లాగే చిన్న స్క్రిప్ట్ రాశానండీ. రిక్వెస్ట్‌తో పాటు వెళ్ళే ఆథరైజేషన్ హెడర్‌లో బేరర్ టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య అక్షరాల వరస) పెట్టా. మా కొలీగ్ లాప్‌టాప్‌లో అదే స్క్రిప్ట్, అదే టోకెన్, చక్కగా నడుస్తోంది. నా దాంట్లో మాత్రం ఎన్నిసార్లు కొట్టినా 401 యే (మీరెవరో తేలలేదు పొమ్మని సర్వర్ చెప్పే ఎర్రర్). మూడుసార్లు కొత్త టోకెన్ తీశా, లాభం లేదు. కోడ్ కూడా పంపుతున్నా చూడండి.
- ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు టోకెన్ సంగతి. మీరు పంపిన కోడ్‌లో అది అక్షరం పోకుండా ఉందండీ బాబూ! ఇక్కడ తీసేశాం గానీ, ఇవాళే దాన్ని రద్దు చేయించి కొత్తది తీస్కోండి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి కూడా ఎక్కించేసి ఉంటే, తర్వాత ఆ లైన్ చెరిపినా పాత కమిట్‌లలో (అప్పటికి దాచిన కాపీల్లో) అలాగే ఉంటుంది. కొత్తదాన్ని కోడ్ బయట, సిస్టమ్‌లో ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి కోడ్ అక్కడ్నుంచి చదివేలా చేయండి.

ఇక 401. మీ హోమ్ ఫోల్డర్‌లో నెట్‌ఆర్‌సి అనే, సర్వర్ల లాగిన్ వివరాలు దాచుకునే ఫైల్ ఉందేమో చూడండి, పేరు ముందు చుక్క ఉంటుంది కాబట్టి మామూలుగా కనపడదు, టెర్మినల్‌లో ఎల్ఎస్ పక్కన మైనస్ ఏ కొట్టాలి. ఎప్పుడో కర్ల్ (టెర్మినల్ నుంచి వెబ్ రిక్వెస్టులు పంపే టూల్) కోసమో గిట్ కోసమో అదే సర్వర్ పేరుతో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అందులో రాసి మర్చిపోయుంటారు. మనం ఆథ్ అనే ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే రిక్వెస్ట్స్ తనంతట తాను వెళ్ళి ఈ ఫైల్ చదువుతుంది, అందులో ఆ సర్వర్ దొరికితే మీరు చేత్తో పెట్టిన హెడర్‌ని తీసేసి ఈ ఫైల్‌లోని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టేస్తుంది. డాక్యుమెంటేషన్‌లో రాశారు లెండి, ఎవరు చదువుతారు!

నిర్ధారణ చేస్కోవాలంటే రెస్పాన్స్‌లోని రిక్వెస్ట్ హెడర్స్ ప్రింట్ చేయండి. బేరర్ బదులు బేసిక్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పంపే పద్ధతి) అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ ప్రింట్‌ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో పెట్టకండి, బేసిక్ పక్కన ఉండే గజిబిజి అక్షరాలు ఉత్త బేస్64 (అక్షరాల రూపం మార్చడమే, తాళం కాదు) అంతే, ఎవరైనా క్షణంలో విప్పి పాస్‌వర్డ్ చదివేస్తారు.

పరిష్కారానికొస్తే, ఆ ఎంట్రీ అక్కర్లేదంటే తీసేయండి. కావాలంటే రిక్వెస్ట్స్ సెషన్‌లో ట్రస్ట్ ఎన్వ్ అనే సెట్టింగుని ఫాల్స్ చేసి ఈ ఫైల్ చదవకుండా ఆపొచ్చు గానీ, అప్పుడు ఎన్విరాన్‌మెంట్‌లోని ప్రాక్సీ (నెట్‌కి మధ్యలో ఉండే సర్వర్) సెట్టింగులు కూడా పట్టించుకోదు, ఆఫీసులో ప్రాక్సీ ఉంటే కనెక్షనే పోతుంది. నన్నడిగితే రిక్వెస్ట్స్‌లోనే ఉన్న ఆథ్‌బేస్ క్లాస్ నుంచి నాలుగు లైన్ల క్లాస్ రాసి, అందులో హెడర్ పెట్టి, ఆథ్ ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి, ఇక నెట్‌ఆర్‌సి జోలికే పోదు.

ఫైల్ ఉంచుకుంటే మాత్రం పర్మిషన్ 600 (అంటే మీరు తప్ప ఇంకెవరూ చదవకుండా) చేయడం మర్చిపోకండి.